ఎన్నో కేకకి

ఆదివారం ఆట మూడో భాగంలో ముగ్గురు ఒకేసారి వచ్చి డుప్రీ మీద పడ్డారు. వెండెల్ కోవాచ్ పరుగెత్తుకెళ్లి వాళ్లను ఒక్కొక్కణ్ణే భుజాలు పట్టి లేపి పక్కకు తోశాడు. అడుగున డుప్రీ వెల్లకిలా పడి ఉన్నాడు. బంతి ఇంకా పొట్టకు అదుముకునే ఉంది. హెల్మెట్ ఊచల మధ్యనుంచి మంచు సన్నగా ముఖం మీద రాలుతోంది. కళ్లలో పడుతున్నా అతను రెప్ప వేయడం లేదు.

కోవాచ్ చెయ్యి చాచాడు. డుప్రీ దాన్ని అందుకోబోయి గాలిని పట్టుకున్నాడు. మళ్లీ ప్రయత్నించి మళ్లీ తప్పాడు. ఇక కోవాచే వంగి మణికట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు.

"బానే ఉన్నావా?"

"ఊపిరాడలేదన్నా, అంతే."

డుప్రీ తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. జట్టు దగ్గరికి తనే నడిచాడు. గీత అవతల నిలబడ్డ డాక్టర్లు చూసింది అంతవరకే.

టొలీడో కొలిమి అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోవాచ్ సెంటర్. నేల మీది బంతిని ఎత్తి, రెండు కాళ్ల మధ్యనుంచి వెనకున్న డుప్రీ చేతుల్లో పెట్టడం, పెట్టిన మరుక్షణం ఎదురుగా దూసుకొచ్చే మనిషిని గుద్ది ఆపడం అతని పని. డుప్రీ క్వార్టర్‌బ్యాక్. ఆ బంతిని విసరాలో, పరుగెత్తేవాడికి అందించాలో చూసుకునేది అతను. ఆటలో ప్రతి ఎత్తుగడకీ ముందు పదకొండుమందీ గుండ్రంగా తలలు చేరుస్తారు. ఎత్తుగడ పేరు, వరుసలో నిలబడ్డాక తను వేసే కేకల్లో ఎన్నో కేకకి బంతి కదలాలి అన్నది డుప్రీ చెప్తాడు. ఆ సంగతి ఎదుటివాళ్లకు తెలియదు. ఈ ఆటలో బంతి చేతిలో ఉన్నవాళ్లకున్న కాస్త మేలు అదే.

డుప్రీ చెప్పాడు. అందరూ విడిపోయి వరుసలోకి నడుస్తుంటే అతను కోవాచ్ వెనకే వచ్చి, నడుం మీద తట్టి, "రెండో కేకకి" అని మళ్లీ చెప్పాడు.

ఇప్పుడేగా చెప్పాడు, మళ్లీ చెప్తాడేమిటి అనుకున్నాడు కోవాచ్. వంగి బంతి మీద చెయ్యి వేశాడు. గడ్డకట్టిన తోలు రాయిలా ఉంది.

ఆ ఆట కొలిమి జట్టు గెలిచింది. వచ్చే ఆదివారం ఒమాహా వాళ్ల మీద కూడా గెలిస్తే నాకౌట్ పోటీలకు వెళ్తారు. కోవాచ్ ఈ జట్టులో చేరాక ఒక్కసారీ అది జరగలేదు. అతను పుట్టింది నదికి తూర్పున, గాజు ఫ్యాక్టరీ వెనక వీధిలోనే. ఆ రోజు స్టేడియం బయట చలిలో నిలబడ్డవాళ్లు బస్సు కిటికీ మీద అరచేతులతో కొడుతూ అతని పేరే అరిచారు. డుప్రీ పక్క సీట్లో కళ్లు మూసుకుని, టోపీ ముక్కు దాకా లాక్కుని కూర్చున్నాడు.

బుధవారం ఆట వీడియో చూసే గదిలో డుప్రీ నల్లకళ్లద్దాలతో వచ్చాడు. పక్కవాళ్లు సినిమా హీరో వచ్చాడన్నారు. అతనూ నవ్వాడు. తెర వెలిగేసరికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోచ్ ఏదో అడిగితే, ప్రశ్న ఇంకోసారి చెప్పమని, ఆలోచించి, సరైన జవాబే చెప్పాడు. కానీ ఆ ఆలోచించడమే కోవాచ్‌కి నచ్చలేదు. డుప్రీ లూసియానావాడు, నోరు తెరిస్తే మాట ఆగదు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పి, దానిమీద ఒక జోకు కూడా వేసే మనిషి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను కనపడలేదు. కోవాచ్ వెతుక్కుంటూ వెళ్తే స్నానాల గది చివర వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చి కోవాచ్‌ని చూసి నిన్నటి గుల్లచేపలు పడలేదన్నాడు. కుళాయి తిప్పి నోరు కడుక్కున్నాడు. కుళాయి కట్టేయడం మర్చిపోయాడు. కోవాచే కట్టాడు.

"మొన్న ఆదివారం మూడో భాగంలో నీకేం జరిగింది?"

"ముగ్గురు లావుపాటి వాళ్లు నామీద కూర్చున్నారు."

"దాని తర్వాత మనం ఆడిన మొదటి ఎత్తుగడ ఏమిటి?"

డుప్రీ అద్దంలోంచి అతన్ని చూశాడు. తరవాత గొంతు తగ్గించి, తనను ఇప్పటికి నాలుగు ఊళ్లవాళ్లు సాగనంపారని, ఐదో ఊళ్లో తనకొక కుర్చీ దొరికిందని చెప్పాడు. తను ఆదివారం ఆడకపోతే బదులు క్వార్టర్‌బ్యాక్ ఫిన్లే ఆడతాడు. ఫిన్లే గెలిచాడంటే వచ్చే ఏడు ఫిన్లేనే ఆడతాడు.

"ఒక్క ఆట అన్నా. ఆదివారం అయ్యాక చీకటి గదిలో నెల్లాళ్లు పడుకుంటా. నువ్వు చూళ్లేదనుకో."

ఇద్దరూ కలిసే బయటికి నడిచారు. గుమ్మం దగ్గర డుప్రీ ఒక చెయ్యి గోడకి ఆనించి ఒక్క క్షణం ఆగడం కోవాచ్ చూశాడు.

గురువారం సాధనలో బంతి రెండుసార్లు జారిపోయింది. మొదటిసారి కోవాచ్ మొదటి కేకకి బంతి ఎత్తాడు; వెనక డుప్రీ చేతులు ఇంకా సిద్ధంగా లేవు. బంతి అతని మోకాలికి తగిలి గడ్డిలో దొర్లింది. వరుసలో కోవాచ్‌కి ఎడమ పక్కన నిలబడే ఒటిస్ గ్రీర్, "చేతులకి వెన్న రాసుకొచ్చావా ముసలోడా?" అన్నాడు కోవాచ్‌తో. అందరూ నవ్వారు.

"తప్పు నాదే," అన్నాడు డుప్రీ వెంటనే. "ఎన్నో కేకో సరిగ్గా చెప్పలేదు."

రెండోసారీ అలాగే అయింది. రెండోసారీ డుప్రీ తప్పు తనదే అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కన కొత్తగా చేరిన టోబిన్ అనే కుర్ర సెంటర్ తన వంతు కోసం చేతులు చంకల్లో పెట్టుకుని ఎగురుతున్నాడు. కోవాచ్ నడుం మీద చేతులేసుకుని డుప్రీ వైపు చూశాడు. మొదటి కేక అని తను స్పష్టంగా విన్నాడు. చెప్పినవాడికే గుర్తులేదు. ఈ మనిషిని ఆదివారం ఒమాహా వాళ్ల ముందు నిలబెడితే వాళ్లు ఆపకుండా కొడతారు. కొట్టించుకున్న తలకే మళ్లీ దెబ్బ తగిలితే ఏమవుతుందో ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలుసు. అలా పడి లేవనివాళ్ల పేర్లు ఎవరూ గట్టిగా అనరు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ బేకరీ దగ్గర ఆగి రొట్టె కొన్నాడు. ఇంట్లో భార్య మార్లీ కోడికూరలోకి పిండి ముద్దలు చిదిమి మరుగుతున్న నీళ్లలో వేస్తోంది. అతను రొట్టె బల్ల మీద పెట్టాడు. అక్కడ ఇంకో రెండు రొట్టెలున్నాయి. మార్లీ చేతులు తుడుచుకుని మూడోది తీసి ఫ్రీజర్‌లో పెట్టింది.

అతను కుర్చీలో కూలబడి డుప్రీ సంగతంతా చెప్పుకొచ్చాడు. నల్లకళ్లద్దాలు, వాంతి, చెప్పిందే చెప్పడం, చెప్పింది మర్చిపోవడం. చెప్తే జట్టుకి జరిగే నష్టం గురించి చెప్పాడు. చెప్పకపోతే జరిగే దాని గురించి చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. మార్లీ గరిటె తిప్పుతూ వింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అతనొక్కడేనా?" అంది చివరికి.

"ఇంకెవరున్నారు?"

మార్లీ పొయ్యి మంట తగ్గించింది. తరవాత కంచాలు తీసుకొచ్చి, నీ మనసులో ముందే అనుకున్నావు కదా, వెళ్లి చెప్పు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎందుకు వణికిందో కోవాచ్‌కి అర్థం కాలేదు. డుప్రీ మీద జాలి అనుకున్నాడు.

శుక్రవారం సాధన అయ్యాక కోవాచ్ కోచ్ గదికి వెళ్లాడు. స్టానెక్ నారింజ ఒలుచుకుంటున్నాడు. తొక్క తెగకుండా ఒక్క చుట్టుగా తీయడం ఆయనకు అలవాటు. కోవాచ్ నిలబడే చెప్పాడు. నారింజ సగంలో ఆగిపోయింది.

"ఎవరైనా చూశారా?"

"నేను చూశాను."

"నువ్వు కాక."

స్టానెక్ కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. మనుషులు గీతల మీద మంచు ఊడుస్తున్నారు. ఆదివారం ఓడితే ఆ గదిలో సోమవారం ఇంకొకరు కూర్చుంటారని ఇద్దరికీ తెలుసు.

"సోమవారం వచ్చి చెప్పకూడదూ?" అన్నాడు స్టానెక్. కోపంగా అనలేదు. ఏదో చిన్న సాయం అడిగినట్టు అడిగాడు.

"సోమవారం దాకా అతనుండాలి కదా కోచ్."

స్టానెక్ నారింజను బల్ల మీద పెట్టాడు. నువ్వు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు, వెళ్లి మోకాళ్లకి మంచు పెట్టుకో అన్నాడు. కోవాచ్ వెనుదిరిగి తలుపు తీశాడు. అప్పుడు వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇబారా ఇంకా వెళ్లలేదు. చివరి గదిలో ఉంది."

కోవాచ్ తిరిగి చూశాడు. స్టానెక్ మళ్లీ నారింజ అందుకున్నాడు. తల ఎత్తలేదు.

డాక్టర్ ఇబారా జట్టు మనిషి కాదు. తల దెబ్బలు చూడటానికి బయటి ఆసుపత్రినుంచి వస్తుంది. కోవాచ్ చెప్పిందంతా విని, ఎవరు చెప్పారో డుప్రీకి తెలియనక్కర్లేదంది. కోవాచ్ ఒప్పుకోలేదు.

"నేనే చెప్పానని చెప్పండి. నేనిక్కడే ఉంటాను."

డుప్రీ వచ్చాడు. గదిలో కోవాచ్‌ని చూడగానే విషయం అర్థమైపోయింది. అతని ముఖంలో ముందు కోపం రాలేదు; చాలా బరువు దించుకున్నవాడిలా భుజాలు జారాయి. తరవాతే కోపం వచ్చింది. బెంచీ మీద కూర్చుని కోవాచ్ వైపు చూడకుండా డాక్టరు అడిగినవాటికి జవాబులు చెప్పాడు. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడమంటే పక్కకు తూలాడు. చిన్న దీపం కంట్లో వేస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఐదు మాటలు చెప్పి, కాసేపటికి అవే తిరిగి చెప్పమంటే మూడు చెప్పాడు.

"ఆదివారం ఆడరు," అంది ఇబారా మెల్లిగా.

డుప్రీ తల ఊపాడు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తరవాత ఉన్నట్టుండి, "ఆయన్నీ కూర్చోబెట్టండి," అన్నాడు.

"ఎవర్ని?"

"ఆయన్నే. నన్నడిగినవన్నీ ఆయన్నీ అడగండి."

కోవాచ్ నవ్వాడు. పిల్లవాడు కోపంలో ఉన్నాడు, దెబ్బకి దెబ్బ తీస్తున్నాడు, తీయనీ అనుకున్నాడు. అతని మనసు కుదుటపడుతుందంటే అదెంత పని? తనే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చుంటుంటే బెంచీ కిర్రుమంది.

ఒంటికాలి మీద బాగానే నిలబడ్డాడు. దీపం వేస్తే రెప్ప కూడా వేయలేదు. ఇబారా కొత్తగా ఐదు మాటలు చెప్పింది: గొడ్డలి, తేనె, కిటికీ, గుర్రం, సబ్బు. వెంటనే తిరిగి చెప్పాడు. అప్పుడు ఆమె సంవత్సరంలో నెలలు వెనకనుంచి ముందుకు చెప్పమంది.

"డిసెంబర్, నవంబర్, అక్టోబర్," అన్నాడు. "సెప్టెంబర్." ఆగాడు. సెప్టెంబరు తర్వాత వచ్చేది నోట్లోనే ఉంది. "అక్టోబర్," అన్నాడు. కాదని తెలిసింది. మళ్లీ డిసెంబరునుంచి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

"పర్లేదు," అంది ఇబారా. "ఇందాక నేను చెప్పిన మాటలు చెప్పండి."

"గొడ్డలి," అన్నాడు కోవాచ్.

తరవాత ఏమీ లేదు. మాటలు మరుగున పడటం కాదు; అసలు ఎవరూ ఏమీ చెప్పనట్టే ఉంది. అతను తల ఎత్తాడు. ఎదురుగా, డాక్టరు భుజం వెనక, డుప్రీ తనవైపే చూస్తున్నాడు. అతని పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఒక్కో మాటనూ సాగదీసి చూపిస్తున్నాడు.

"తేనె," అన్నాడు కోవాచ్, ఆ పెదాలను చూసి. "కిటికీ."

ఇబారా వెనక్కి తిరిగింది. డుప్రీ నోరు మూసుకున్నాడు.

"ఎప్పట్నుంచి అందిస్తున్నారు ఈయనకి?" అని ఆమె డుప్రీని అడిగింది.

డుప్రీ అరచేతులు తొడలకు రుద్దుకున్నాడు. ఈ ఏడాది ఆటలు మొదలైనప్పట్నుంచీ అన్నాడు. మొదట్లో ఎప్పుడైనా ఒకసారి. ఆకులు రాలే రోజులొచ్చేసరికి ప్రతిసారీ. గుండ్రంగా చేరినప్పుడు చెప్పింది వరుసలోకి వెళ్లేలోపు ఆయనకు ఉండటం లేదు. అందుకని వెనకాలే వెళ్లి నడుం తట్టి మళ్లీ చెప్పేవాణ్ణి. నిన్న తల నొప్పితో రెండుసార్లు ఆ పని చేయలేకపోయాను. అందుకే బంతి పడింది.

"మూడో కేక అని చెప్పా అన్నా," అన్నాడు కోవాచ్‌తో. "రెండుసార్లూ మూడోదే."

కోవాచ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్లు ఎన్నిసార్లో విరిగి అతుక్కుని వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆ చేతులు ఎప్పుడూ పొరపాటు పడలేదని ఊళ్లో అందరూ అంటారు.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఇదే నీ ఆఖరి ఏడని నువ్వే అన్నావు. నాకౌట్‌కి ఒక్కసారైనా వెళ్లాలన్నావు." అన్నాడు డుప్రీ. "నా చేతిలో ఉన్న పని. తట్టి చెప్పడమే కదా అనుకున్నా."

ఇబారా డుప్రీని బయట కూర్చోమంది. తలుపు వేసి కోవాచ్‌కి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆదివారం ఆడరు అని అతనికీ చెప్పింది. ఇది ఏ ఒక్క దెబ్బో కాదు, చాలా దెబ్బలు కలిసి చేసిన పని అయ్యుండవచ్చు, సోమవారం పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలి, అప్పటిదాకా ఏదీ ఖాయంగా చెప్పలేనంది. తిరిగి ఎప్పుడు ఆడవచ్చో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

"నేను అతని గురించి చెప్పడానికొచ్చాను," అన్నాడు కోవాచ్.

"తెలుసు. మీరు రావడం మంచిదైంది," అందామె.

ఇంటికెళ్లేసరికి మార్లీ వాకిట్లో మంచు తీస్తోంది. అతని కారు రాగానే పార కిందపెట్టింది. అతను దిగి, కారు తలుపు మూయకుండానే, నేను కూడా ఆడటం లేదన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. అడగకపోవడం చూసి అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"నీకు తెలుసా?"

"వేసవి నుంచి." ఆమె చేతి తొడుగులు తీసి కోటు జేబులో కుక్కుకుంది. "మీ అమ్మ పుట్టినరోజుకి ఒకే కథ ముగ్గురికీ విడివిడిగా చెప్పావు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునున్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేసేవాడివా?"

అతను కారు మీద చెయ్యి ఆనించాడు. ఇంజను వేడికి మంచు కరిగి కిందికి కారుతోంది.

"నువ్వు వాడి గురించి వెళ్లి చెప్పావు వెండెల్. నాకు ఆ ధైర్యం లేకపోయింది. ఇంకో ఆదివారం గడవనీ, ఇంకో ఆదివారం గడవనీ అనుకుంటూ కూర్చున్నాను."

అతను ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. అతను ఎంత భారీ మనిషంటే ఆమె కోటుతో సహా అతని చేతుల మధ్య కనపడకుండా పోయింది. పక్కింటాయన కుక్కను తీసుకుని పోతూ, ఆదివారం ఒమాహా వాళ్లకి చూపించు వెండెల్ అన్నాడు. కోవాచ్ చెయ్యి ఎత్తి ఊపాడు.

శనివారానికి జట్టంతటికీ తెలిసిపోయింది. స్టానెక్ కారణం చెప్పకుండా ఇద్దరి పేర్లూ తీసేశానన్నాడు. కానీ డుప్రీ ఎలా దొరికాడో మనుషులు కనుక్కున్నారు. కోవాచ్ ఎందుకు ఆడటం లేదన్నది మాత్రం తెలియదు; సిగ్గుపడి తప్పుకున్నాడని కొందరు, కోచ్ శిక్ష వేశాడని కొందరు అనుకున్నారు. భోజనాల దగ్గర కోవాచ్ వచ్చి కూర్చోగానే గ్రీర్ తన కంచం తీసుకుని పక్క బల్లకు వెళ్లాడు. ఎన్నో ఏళ్లుగా ఇద్దరూ భుజం భుజం ఆనించి ఆడినవాళ్లు. వెళ్లేవాడు విసురుగా వెళ్లలేదు. గ్లాసు మర్చిపోయి మళ్లీ వచ్చి, అది కూడా తీసుకుని వెళ్లాడు.

ఆదివారం కోవాచ్ కోటు వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. టోబిన్ బంతి ఎత్తడం, ఫిన్లే అందుకోవడం చూశాడు. టోబిన్ బాగానే చేస్తున్నాడు. కానీ కోవాచ్‌నే కాళ్లు నిలవనివ్వడం లేదు. ప్రతి కేకకీ కోవాచ్ ఒళ్లు ముందుకు ఉలిక్కిపడుతోంది. వెనకనుంచి ఎవరో, ద్రోహి అని అరిచారు. ఇంకెవరో అతని పేరు పెట్టి, నువ్వు దిగవయ్యా అని బతిమాలారు. సగం ఆట అయ్యాక అతను ఇక ఉండలేక స్టేడియం సొరంగంలోంచి కిందికి నడిచాడు.

బట్టలు మార్చుకునే గదిలో దీపాలు ఆర్పి ఉన్నాయి. మూలన ఎవరో ఉన్నట్టు తెలిసింది. డుప్రీ తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు.

"ఇంట్లో పడుకోమంది కదా ఆవిడ."

"ఇంట్లో టీవీ ఉంది. ఇక్కడ లేదు," అన్నాడు డుప్రీ.

కోవాచ్ అతని పక్కన చతికిలపడ్డాడు. నెత్తిమీద కాంక్రీటు, దాని మీద జనం. ఇన్నేళ్లలో అతను ఆ చప్పుడు కిందనుంచి వినలేదు. ఒమాహా వాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు జనం కాళ్లతో తొక్కుతారు. గోడలు అదురుతాయి, ఇనప అరల తలుపులు గలగలమంటాయి. కొలిమి జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు, కేకలు వినపడాలని అందరూ నోళ్లు మూసుకుంటారు. అప్పుడు ఏమీ వినపడదు. ఎక్కడో నీళ్ల గొట్టం టిక్కుటిక్కుమనడం తప్ప. ఇద్దరూ మాట్లాడకుండా ఆ మోతనూ నిశ్శబ్దాన్నీ వింటూ కూర్చున్నారు. ఒకసారి పెద్ద హోరు లేచింది. డుప్రీ రెండు చేతులతో చెవులు మూసుకుని, నొప్పితో నవ్వాడు.

"పాయింట్లు వేశాం."

"వేశాం," అన్నాడు కోవాచ్.

తరవాత చాలాసేపు మోత. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఆగి ఆగి సాగింది. బంతి మనదే, ముందుకు పోతున్నారు, దగ్గరికొచ్చేశారు అని ఆ నిశ్శబ్దాల నిడివిని బట్టి తెలుస్తోంది. కోవాచ్ కుడిచెయ్యి మోకాళ్ల మధ్య నేల మీద తనంతట తాను ఆనింది, బంతి మీద వేసినట్టు. నిశ్శబ్దం ఇంకా సాగింది. అప్పుడు పైన అంతమందీ ఒకేసారి ఊపిరి వదిలినట్టు, ఒక మూలుగు. అంతే. ఆ తరవాత మెట్ల మీద అడుగులు. లక్షలాది అడుగులు బయటికి పోతున్నట్టు తోచింది.

జట్టు లోపలికి వచ్చింది. ఎవరో అలవాటుగా దీపాలన్నీ వేయబోయి, డుప్రీని చూసి, ఒకటే వేశారు. ఆట కొద్దిలో పోయింది, ఫిన్లే ఆఖరి విసురు ఒక మూరెడు ముందే పడింది. టోబిన్ వచ్చి కోవాచ్ పక్క అర ముందు కూలబడి, వేళ్లకి చుట్టిన పట్టీలు పళ్లతో లాగుతున్నాడు. చలికి అవి రావడం లేదు. కోవాచ్ కత్తెర తీసుకుని అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలికీ మెల్లిగా కోయడం మొదలుపెట్టాడు. తను ఎక్కడైనా తప్పు చేశానా అని అడిగాడు టోబిన్. ఒక్క బంతీ జారలేదు, నేను చూసినంతవరకు చూశాను, మిగతాది విన్నాను అన్నాడు కోవాచ్.

గ్రీర్ మోకాళ్ల నిండా బురదతో వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు.

"నువ్వుంటే గెలిచేవాళ్లం," అన్నాడు.

కోవాచ్ కత్తెర ఆపాడు. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఊరంతా అనుకుంటున్నదే ఇతనూ అనుకుంటాడు. అంతకన్నా ఏం కాదు.

"నాకు గుర్తుండటం లేదు ఒటిస్," అన్నాడు. "ఎన్నో కేకో గుర్తుండటం లేదు. ఇన్నాళ్లూ డుప్రీ చెప్తుంటే ఆడాను."

గదిలో దగ్గరున్నవాళ్లు తలలెత్తారు. గ్రీర్ చూపు కోవాచ్ మీదనుంచి డుప్రీ మీదికి, అక్కణ్ణుంచి నేలమీదికి జారింది. ప్రతి ఆటలో ఆ వరుసలో కోవాచ్ పక్కనే అదే దెబ్బలు తిన్నవాడు అతను. హెల్మెట్ పక్కన పెట్టి, కోవాచ్‌కి అవతలి పక్కన మెల్లిగా కూర్చున్నాడు. బూటు లేసు ముడి విప్పుకుంటూ, ఎవరినీ కాదన్నట్టు అడిగాడు.

"ఆ డాక్టరమ్మ ఏమేం అడుగుతుంది?"

కోవాచ్ టోబిన్ చెయ్యి వదిలి, గ్రీర్ వైపు తిరిగి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో తను మర్చిపోయిన చోట డుప్రీ అందుకున్నాడు.